అమ్మమ్మ ముఖంతో లోగో గీయమన్న క్లయింటు: పోలిక ఎక్కడ పట్టుకోవాలి, పని ఎలా నడపాలి?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. ఇంటి పచ్చళ్లు, పొడులు అమ్మే ఒక మహిళ తమ అమ్మమ్మగారి ముఖం, పక్కన ఊరగాయ జాడీ, వెనుక మామిడిచెట్టు, కింద తెలుగులో పేరు ఉండేలా లోగో గీసిపెట్టమన్నారు. స్టూడియోలో తీయించిన పాత ఫోటో ఒక్కటే ఇచ్చారు. మీరు రంగుల్లో మూడు బొమ్మలు వేసి చూపించారు. ప్రతిసారీ ఆమె ‘బాగుంది కాని మా అమ్మమ్మలా లేదు’ అంటున్నారు. ఇక ముందు ఏం చేయాలి, ఏయే ఫైళ్లు ఇవ్వాలి, డబ్బు ఎలా తీసుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, నాలుగో రంగుల బొమ్మ వేయకండి. అమ్మమ్మగారిని ఇంటివాళ్లు దేన్నిబట్టి గుర్తుపడతారో ముందు కనుక్కోండి. వాటిలో రెండు మూడు గుర్తులను మాత్రమే తీసుకుని, నలుపు ఒక్కదానితో, సుమారు అర అంగుళం వెడల్పులో నిలబడేలా గీయండి. ఆ చిన్న నలుపు బొమ్మను క్లయింటు ఒప్పుకున్న తర్వాతే రంగులు, జాడీ, చెట్టు గురించి మాట్లాడండి. పత్రికలకు బొమ్మలు వేస్తూ లేబుళ్లు, లోగోల పనిలోకి వచ్చినవాణ్ణి నేను. మనిషి ముఖం ఉన్న లోగో ఎక్కడ ఆగిపోయినా, నేను చూసినంతలో, ఈ క్రమం తలకిందులు కావడమే కారణం.

చిత్రలేఖనం నేర్చుకునేటప్పుడు పోలిక అంటే కళ్లు, ముక్కు, నోరు, వాటి మధ్య దూరాలు అని మనకు అలవాటవుతుంది. గోడకు వేలాడదీసే చిత్తరువుకు ఆ అలవాటు సరిపోతుంది. సీసా మూత మీదికి వచ్చేసరికి కళ్లు రెండు చుక్కలవుతాయి, ముక్కు ఒక చిన్న గీత అవుతుంది, మీరు ఎంతో శ్రమపడి వేసిన ముడతలు మసిమరకలా కనిపిస్తాయి. ఆ పరిమాణంలో మనిషిని పట్టిచ్చేవి తల ఆకారం, జుట్టు ముడి ఉన్న చోటు, కళ్లజోడు చట్రం, మెడ వంపు, చీర కట్టిన తీరు. 1946లో బాబీ కూకా, ఉమేశ్ రావు కలిసి రూపొందించిన ఎయిర్ ఇండియా మహారాజాను తలచుకోండి: తలపాగా, మీసం, వంగి చేసే నమస్కారం. 1966 నుంచి హోర్డింగుల మీద ఉన్న అమూల్ పాపను తలచుకోండి: చుక్కల గౌను, రిబ్బను కట్టిన జుట్టు. ఈ రెండూ కల్పిత పాత్రలే, పైగా లోగోలకంటే ప్రచార బొమ్మలుగానే ఎక్కువ పనిచేశాయి. అయినా మనకు కావలసిన పాఠం వాటిలో ఉంది. కళ్లూ ముక్కూ చెరిపేసినా అవి ఎవరివో తెలిసిపోతుంది.

కాబట్టి క్లయింటును మరో ఫోటో అడిగే ముందు కొన్ని ప్రశ్నలు అడగండి. ‘అమ్మమ్మగారు వంటింట్లో అటు తిరిగి నిలబడి ఉంటే ఆమే అని ఎలా పోల్చుకుంటారు?’ అన్నది నేను తప్పకుండా అడిగే ప్రశ్న. ఆమె ఎప్పుడూ ఒంటి మీద ఉంచుకున్న వస్తువు ఏది, కూర్చుంటే ఎలా కూర్చునేవారు, నవ్వితే ముఖంలో ఏది ముందు మారేది అని కూడా అడుగుతాను. ఒక్క క్లయింటునే కాకుండా వీలైతే వాళ్లమ్మగారిని, మేనమామను, మరో మనవడిని విడివిడిగా అడగండి. ఇద్దరు ముగ్గురి నోట ఒకే మాట వస్తే మీరు వెతుకుతున్నది అదే. గుంటూరు వైపు కాఫీ పొడి అమ్మే ఒక కుటుంబం తమ తండ్రిగారి బొమ్మ అడిగినప్పుడు, ఆయన కళ్ల గురించీ మీసం గురించీ అందరూ తలొక రకంగా చెప్పారు. చెవి మీద దోపుకున్న పెన్సిలు గురించి మాత్రం ఎవరూ మరిచిపోలేదు. లావుపాటి కళ్లజోడు చట్రం, చెవి మీద పెన్సిలు, భుజాన తువ్వాలు, ఈ మూడింటితోనే బొమ్మ పూర్తయింది. కళ్లద్దాల వెనుక నేను కళ్లే గీయలేదు. ఇంట్లో ఎవరూ అవి లేవని అనలేదు.

పాత స్టూడియో ఫోటోతో ఒక చిక్కు ఉంది. ఆ రోజుల్లో ఫోటో తీయించుకోవడం అంటే పట్టుచీర కట్టుకుని, ఊపిరి బిగబట్టి, కెమెరా వైపు నిలకడగా చూడడం. పైగా స్టూడియోవాళ్లు చేత్తో ముఖాన్ని దిద్ది నునుపు చేసేవారు. మనవరాలి మనసులో ఉన్నది నేత చీర కొంగు నడుముకు దోపుకున్న మనిషి. మీరు ఫోటోకు ఎంత విశ్వాసంగా ఉంటే ఆమె జ్ఞాపకానికి అంత దూరం జరుగుతున్నారు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, వరండాలో ఎవరో పట్టించుకోకుండా తీసిన ఫోటోలు అడగండి. అవి మసకగా ఉన్నా ఫరవాలేదు, మనకు కావలసింది ఆకారం.

మరో విషయం వెంటనే సరిచూసుకోండి: అమరిక కోసం ఫోటోను కుడిఎడమలు తిప్పారా? జాడీ ఒక పక్కన రావాలని ముఖాన్ని అటువైపు తిప్పడం చాలామంది చేసే పని. తిప్పగానే ఎడమ భుజం మీద ఉండాల్సిన పైట కుడి భుజం మీదికి పోతుంది, ముక్కుపుడక రెండో వైపుకు మారుతుంది, పాపిడి పక్కకు ఉంటే అదీ మారుతుంది. చూసేవారికి కారణం తెలియదు, ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది. మీ క్లయింటు మాట వింటుంటే నాకు ముందు వచ్చిన అనుమానం ఇదే.

బొట్టు విషయం నెమ్మదిగా, గౌరవంగా అడిగి తెలుసుకోవలసినది. తాతగారు ముందే పోయి ఉంటే, అమ్మమ్మగారు ఆ తర్వాత బొట్టు పెట్టుకున్నారా లేదా, గాజులు వేసుకున్నారా, బొమ్మలో ఏ వయసులో చూపించాలనుకుంటున్నారు అన్నవి మీరు ఊహించి గీయకూడదు. ఒక ఇంట్లో బొట్టు లేకుండా గీస్తే బాధపడతారు, మరో ఇంట్లో పెడితే బాధపడతారు. ఒకే ఇంట్లో అక్కచెల్లెళ్ల మధ్యే ఈ విషయంలో ఏకాభిప్రాయం లేకపోవడం నేను చూశాను. నిర్ణయం వాళ్లదే కావాలి, అది కాగితం మీద ఉండాలి.

ఇప్పుడు జాడీ, చెట్టు సంగతి. ముఖం, జాడీ, చెట్టు, పేరు నాలుగూ సమాన బరువుతో ఒకే గుర్తులో ఇమడవు. క్లయింటు చెప్పినవన్నీ తీసిపారేయమని నేను అనడం లేదు. లోగోలో ఉండాల్సినవీ, లేబుల్ మీద ఉండాల్సినవీ అని రెండు జాబితాలుగా విడదీసి ఆమె ముందు పెట్టండి. మామిడిచెట్టుకు లేబుల్ వెనుక భాగంలో, పెట్టె మీద, దుకాణం గోడ మీద బోలెడంత చోటు ఉంది. జాడీని మాత్రం నేనైతే వదులుకోను. పైన గోధుమ రంగు, కింద పాలతెలుపు ఉండే మన పింగాణీ జాడీ ఆకారం దూరం నుంచే తెలుస్తుంది. దాన్ని అమ్మమ్మగారి పక్కన వస్తువులా నిలబెట్టే బదులు, జాడీ ఆకారాన్నే చట్రంగా చేసి అందులో ముఖం ఉంచి చూడండి. గోధుమ, తెలుపు కలిసే గీత పైట అంచుగా మారేలా గీయగలిగితే రెండు వస్తువులు ఒకటైపోతాయి. వాట్సాప్‌లో ప్రొఫైల్ బొమ్మ గుండ్రంగా కత్తిరించి కనిపిస్తుంది కాబట్టి, జాడీ మూత, అడుగు ఆ వృత్తంలో తెగిపోకుండా చుట్టూ ఖాళీ వదలండి. ఇంటి నుంచి పచ్చళ్లు అమ్మేవాళ్ల వ్యాపారంలో చాలా భాగం వాట్సాప్ మీదే నడుస్తుంది, కొనేవాళ్లు ఈ లోగోను మొదట చూసేది అక్కడే.

చిత్తుబొమ్మ సిద్ధమయ్యాక నేను చేసే పరీక్ష ఖర్చులేనిది. బొమ్మను 15 మిల్లీమీటర్ల వెడల్పుకు తగ్గించి మామూలు లేజర్ ప్రింటరు మీద నలుపులో తీస్తాను. దాన్ని జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌కు మరో జిరాక్స్ తీయిస్తాను. చేయి చాచినంత దూరంలో పెట్టుకుని, విషయం తెలియని ఇంటి మనిషికి చూపిస్తాను. ఆ తర్వాత నల్లటి నేల మీద తెల్ల గీతలుగా తిప్పి చూస్తాను. ముఖం ఉన్న లోగోలు ఎక్కువగా తేలిపోయేది ఇక్కడే, ఎందుకంటే తెలుపు నలుపులు తారుమారైతే ముఖం ఫోటో నెగెటివ్‌లా కనిపిస్తుంది. అందుకే నల్లటి నేల కోసం ముఖాన్ని విడిగా మళ్లీ గీసుకోవాలి. కంప్యూటర్లో రంగులు తిప్పేస్తే చాలదు.

గీతల మందం గురించి కొన్ని అంకెలు మనసులో ఉంచుకోండి. కాగితం మీద అచ్చుకు, అతి చిన్న పరిమాణంలో కూడా, నల్ల గీత 0.25 పాయింటు (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు) కంటే సన్నగా ఉండకూడదు. ముదురు నేల మీద తెల్ల గీత అయితే కనీసం 0.5 పాయింటు ఉండాలి, లేకపోతే చుట్టూ ఉన్న సిరా లోపలికి వచ్చి మూసేస్తుంది. బట్ట మీద ఎంబ్రాయిడరీకి గీత సుమారు 1 మిల్లీమీటరు ఉంటేనే దారం నిలుస్తుంది. ఈ మూడు అవసరాలను ఒకే బొమ్మ తీర్చలేదు. అందుకే ఇటువంటి పనిలో నేను మూడు రూపాలు ఇస్తాను: పెట్టెల మీదికి, బోర్డు మీదికి వివరాలతో కూడిన పెద్ద బొమ్మ; లేబుల్ మీదికి మధ్యరకం; మూత, రబ్బరు స్టాంపు, ఫోన్ తెర కోసం నాలుగైదు గీతల చిన్న గుర్తు. చిన్నది ముందు గీసి, దానికి వివరాలు చేరుస్తూ పెద్దదానికి వెళ్లడం సులువు. పెద్దదాని నుంచి తీసేస్తూ వస్తే ఎక్కడ ఆగాలో తెలియదు, ప్రతి గీత మీదా మమకారం పుడుతుంది.

న్యూజెర్సీలో కూచిపూడి నేర్పే ఒక గురువుగారికి లోగో చేసినప్పుడు ఈ పద్ధతి ఎంత ఉపయోగమో బాగా అర్థమైంది. ఆవిడ తమ శిష్యురాలి భంగిమలో జడబిళ్లలు, వడ్డాణం, గజ్జెలు అన్నీ కనిపించాలన్నారు. అవన్నీ గీసినా, దూరం నుంచి చూస్తే అది కూచిపూడో భరతనాట్యమో తెలియదు. కూచిపూడి అని ఒక్క చూపులో చెప్పేది తరంగం అనే నృత్యాంశంలో పాదాల కింద ఉండే ఇత్తడి పళ్లెం. చిన్న గుర్తులో నగలన్నీ పోయాయి, పళ్లెం అంచు మీద నిలిచిన పాదాలు, మోకాళ్ల వంపు, జడ మిగిలాయి. పిల్లల టీ షర్టుల మీద దారంతో కుట్టించినా అది చెక్కుచెదరలేదు. నగలతో ఉన్న పెద్ద బొమ్మ వార్షికోత్సవ కరపత్రాల మీదికి వెళ్లింది, కాబట్టి ఆవిడ కోరికా తీరింది.

తెలుగు అక్షరాల మీద మీరు ఇంకా దృష్టి పెట్టినట్టు లేదు. ఇంగ్లీషు పెద్దక్షరాలతో రాసిన పేరు ఒక పట్టీలా సమానంగా కూర్చుంటుంది. తెలుగు పేరుకు పైన తలకట్లు, గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి నిలువుగా ఎక్కువ చోటు కావాలి. ‘పచ్చళ్లు’ అన్న ఒక్క మాటలోనే రెండు వత్తులు కిందికి దిగుతాయి. పేరును బొమ్మకు మరీ దగ్గరగా పెడితే గుడులు జాడీ అడుగును తాకుతాయి, చిన్న పరిమాణంలో చ-వత్తు లోపలి ఖాళీ పూడుకుపోతుంది. పేరును ఫాంట్‌తో టైపు చేసి వదిలేయకుండా, బొమ్మకు వాడిన గీత మందంతోనే అక్షరాలను చేత్తో దిద్దండి. మన అక్షరాల గుండ్రదనం జాడీ భుజాలకు, జుట్టు ముడికి సహజంగా కలుస్తుంది. ఇది మన లిపి ఉచితంగా ఇచ్చే సౌకర్యం, వాడుకోకపోతే నష్టం మనదే. ఫాంట్ మీద ఆధారపడాలంటే దాని లైసెన్సు వ్యాపారానికి అనుమతిస్తుందో లేదో చూడండి. గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్న రామరాజ, సూరన్న, మల్లన్న వంటివి లోగోలకు వాడుకోవచ్చు.

క్లయింట్లు తరచూ ‘బాపు బొమ్మలా ఉండాలి’ అంటారు. మీ క్లయింటూ అనే ఉంటారు. ఆ మాటలో ఉన్న ప్రేమను గౌరవిస్తూనే హద్దు తెలుసుకోవాలి. తక్కువ గీతలతో ఎక్కువ చెప్పడం ఆయన నుంచి ఎవరైనా నేర్చుకోవచ్చు, శైలికి కాపీరైటు ఉండదు. ఆయన వేసిన ఫలానా బొమ్మను కింద పెట్టుకుని దిద్దడం మాత్రం ఉల్లంఘన. మన దేశంలో కాపీరైటు చిత్రకారుడి మరణం తర్వాత కూడా 60 సంవత్సరాలు ఉంటుంది. బాపు 2014లో కన్నుమూశారు. క్లయింటు కృత్రిమ మేధతో చేయించిన బొమ్మ తెచ్చి ‘ఇలా కావాలి’ అంటే, ఆమె అభిరుచి తెలుసుకోవడానికి దాన్ని చూడండి, దాని మీద ట్రేసింగ్ చేయకండి. అందులో ఎవరి బొమ్మ ఎంత దాగి ఉందో మీకు తెలిసే దారి లేదు.

ఫైళ్ల విషయానికి వస్తే, అసలు బొమ్మ వెక్టర్‌లో, అంటే ఎంత పెద్దది చేసినా గీత చెదరని రూపంలో ఉండాలి. ఇల్లస్ట్రేటర్, కోరల్‌డ్రా, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్, ఏదైనా సరే. ఐప్యాడ్ మీద బొమ్మలు వేసే ప్రొక్రియేట్‌లో గీసిన గీత నాకూ ఇష్టమే. కాని దాన్ని వెక్టర్‌గా మార్చే పనిని ఆటోట్రేస్‌కు, అంటే కంప్యూటర్‌కే వదిలేస్తే వందల కొద్దీ అక్కరలేని బిందువులు వస్తాయి, కాబట్టి చేత్తో మళ్లీ గీసుకోండి. చివరికి ఇవ్వాల్సినవి పీడీఎఫ్, ఎస్‌వీజీ, నేపథ్యం లేని పీఎన్‌జీలు. మన ఊళ్లలో ఫ్లెక్స్, స్టిక్కర్ ప్రెస్సులు ఎక్కువగా కోరల్‌డ్రా మీద నడుస్తాయి కాబట్టి వాళ్లకు తెరుచుకునే ఈపీఎస్ లేదా సీడీఆర్ కూడా జతచేయండి. పంపే ముందు తెలుగు అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని గీతలుగా మార్చండి. మార్చకుండా పంపితే అక్కడి కంప్యూటర్లో ఆ ఫాంట్ లేక వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి, ప్రెస్సువాళ్లు తమకు తోచిన అక్షరాలతో సరిచేసి వెయ్యి లేబుళ్లు వేసేస్తారు. రంగులు రెండు చాలు. తెర మీద మెరిసే ఎరుపు, ఆకుపచ్చ అచ్చులో మందగిస్తాయి కాబట్టి, సీఎంవైకే విలువలు (అచ్చులో వాడే నాలుగు సిరాల పాళ్లు) నిర్ణయించి, ఒక నమూనా లేబుల్ అచ్చు వేయించి, దాని మీద క్లయింటు సంతకం తీసుకోండి.

ఇక చట్టం, డబ్బు. రెండూ ముందే మాట్లాడాల్సినవి, మీరు ఇప్పటికైనా మాట్లాడండి.

మనిషి ముఖాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయాలంటే, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం సెక్షన్ 14 ప్రకారం, ఆ మనిషి జీవించి ఉంటే ఆమె అనుమతిని, దరఖాస్తుకు ముందు 20 సంవత్సరాల లోపు మరణించి ఉంటే చట్టబద్ధ ప్రతినిధుల అనుమతిని రిజిస్ట్రార్ అడగవచ్చు. అమ్మమ్మగారు మీ క్లయింటు ఒక్కరికే అమ్మమ్మ అయి ఉండరు. రేపు మరో మనవడు అదే ఊళ్లో పచ్చళ్ల వ్యాపారం పెట్టి ‘ఆ ముఖం మాది కూడా’ అంటే చిక్కు. మేనమామలు, పిన్నమ్మల నుంచి ఇప్పుడే ఒక కాగితం మీద సమ్మతి తీసుకోమని చెప్పండి. నమోదు నలుపు తెలుపులో, రంగుల పరిమితి లేకుండా చేయించుకుంటే, సెక్షన్ 10 ప్రకారం అది అన్ని రంగులకూ వర్తిస్తుంది. నలుపు బొమ్మ ముందు గీయమనడానికి ఇది మరో కారణం. ట్రేడ్‌మార్కు నమోదుకు సరుకులను విడదీసిన వర్గీకరణలో పచ్చళ్లు 29వ తరగతిలో, మసాలాలు 30వ తరగతిలో వస్తాయి కాబట్టి ఆమె ఏమేం అమ్మబోతున్నారో ముందే తేల్చుకోవాలి. ఈ పని ట్రేడ్‌మార్కు ఏజెంటుకు వదలండి, కాని విషయం ఆమె చెవిన వేయడం మీ బాధ్యత.

హక్కుల బదలాయింపు నోటి మాటతో జరగదు. 1957 నాటి కాపీరైటు చట్టం సెక్షన్ 19 ప్రకారం అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో గడువు రాయకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా లెక్కిస్తారు. మీ క్లయింటు డాలస్‌లో, సిడ్నీలో ఉన్న తెలుగువాళ్లకు పార్సెళ్లు పంపుతుంటే ‘ప్రపంచమంతటా, కాపీరైటు ఉన్నంత కాలం’ అని స్పష్టంగా రాయాలి. ఏమీ రాసుకోకపోతే మీకే మేలని అనుకోకండి. డబ్బు తీసుకుని గీసిన చిత్తరువు విషయంలో, వేరే ఒప్పందం లేనప్పుడు, సెక్షన్ 17 గీయించుకున్నవారినే మొదటి హక్కుదారుగా గుర్తిస్తుంది. పూర్తి సొమ్ము అందిన తర్వాతే హక్కులు మారతాయని, మీ పనుల సంపుటిలో ఈ లోగోను చూపించుకునే అవకాశం మీకు ఉంటుందని రెండు వాక్యాలు చేర్చండి.

ఎంత తీసుకోవాలన్నదానికి ఒక అంకె చెప్పలేను, ఊరిని బట్టి, మీ అనుభవాన్ని బట్టి అది మారుతుంది. పద్ధతి మాత్రం చెప్పగలను. నేను 40 శాతం పని మొదలుపెట్టే ముందు, 30 శాతం నలుపు బొమ్మ ఒప్పుకున్నప్పుడు, మిగిలిన 30 శాతం ఫైళ్లు ఇచ్చే ముందు తీసుకుంటాను. ప్రతి దశలో రెండు విడతల మార్పులు ధరలోనే ఉంటాయి, ఆపై మార్పులకు విడిగా లెక్క. నలుపు బొమ్మ మీద సంతకం అయ్యాక ముఖం మళ్లీ మార్చమంటే అది కొత్త పని కిందికి వస్తుందని ఒప్పందంలోనే రాస్తాను. లేబుల్ బొమ్మలు, పెట్టె మీది మామిడిచెట్టు, దుకాణం బోర్డు లోగో ధరలో కలపకండి, ఒక్కొక్కదానికి ఒక్కో ధర చెప్పండి.

మీరు ఇప్పటికే వేసిన మూడు రంగుల బొమ్మలకు ఆమె దగ్గర అదనంగా అడగడం కుదరదు, ఎందుకంటే ముందు ఏదీ మాట్లాడుకోలేదు. వాటిని పారేయకండి. పెద్ద పరిమాణపు బొమ్మకు వాటిలో ఒకటి పనికివస్తుంది, మార్పులు చేసి లేబుల్ పనికి విడిగా ధర చెప్పవచ్చు. ఈ వారం ఆమెకు ఫోన్ చేసి, కొత్త బొమ్మ తేవడం లేదని, వాళ్లమ్మగారితో కూర్చుని ఒక గంట మాట్లాడాలని అడగండి. వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ వద్దు, మెత్తటి పెన్సిలు, తెల్ల కాగితాలు తీసుకెళ్లండి. వాళ్లు చెబుతుండగానే చిన్నచిన్న ఆకారాలు గీసి చూపించండి. ‘ఆ, ముడి ఇంకాస్త కిందికి’ అని వాళ్లమ్మగారు పెన్సిలు మీ చేతిలోంచి తీసుకుంటే తీసుకోనివ్వండి.